ఏడేళ్లకో సెలవు: పాలమూరు మిషనరీల ఇంటి ప్రయాణం

విదేశంలో పనిచేసే మిషనరీ కుటుంబం కొన్నేళ్లకోసారి సొంత దేశానికి వెళ్లి, అయినవాళ్ల మధ్య కొంతకాలం గడిపి తిరిగి వచ్చే సెలవును ఫర్లో అంటారు. మొదట సైన్యంలోనూ వలస పాలకుల కొలువుల్లోనూ ఉన్న ఈ ఏర్పాటును మిషన్ సంఘాలు తమకు తగ్గట్టు మార్చుకున్నాయి. గత శతాబ్దంలో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మిషన్ కాంపౌండ్లలో కాపురమున్న అమెరికా, కెనడా కుటుంబాలకు సుమారు ఏడేళ్ల పనికి ఒక ఏడాది ఫర్లో దక్కేది. ఊళ్లోవాళ్ల లెక్కలో అది దొరగారి విశ్రాంతి. దొరగారికీ దొరసానికీ మాత్రం అంత ఊపిరాడని ఏడాది మరొకటి ఉండేది కాదు. మిషన్‌కు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, కొత్తగా ఎవరు వస్తారు, పిల్లలు ఏ దేశంలో పెరుగుతారు అనే మూడు సంగతులూ చాలావరకు ఆ సెలవులోనే తేలేవి.

ఈ కుటుంబాలు ఎవరో తెలిస్తే గాని వాళ్ల ఇల్లు ఎక్కడో తెలియదు. పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ ప్రాంతంలో ఎక్కువకాలం పనిచేసింది మెనోనైట్ బ్రెదరెన్ అనే శాఖ. మెనోనైట్లు పదహారో శతాబ్దపు యూరప్‌లో తలెత్తిన క్రైస్తవులు. బాప్తిస్మం పెద్దయ్యాకే తీసుకోవాలని, ఆయుధం పట్టకూడదని వాళ్ల నియమం. వీరిలో ఒక పాయ ప్రష్యా మీదుగా దక్షిణ రష్యాకు, అంటే నేటి ఉక్రెయిన్‌కు చేరి వ్యవసాయంలో స్థిరపడింది. మెనోనైట్ బ్రెదరెన్ శాఖ వేరుపడింది అక్కడే, 1860లో. సైన్యంలో చేరడం తప్పనిసరి అవుతుందన్న భయంతో 1870లలో వేలాదిమంది ఓడలెక్కి అమెరికాలోని కాన్సాస్, నెబ్రాస్కా, మిన్నెసోటా మైదానాలకూ, కెనడాకూ వలసపోయారు. కాబట్టి తెలుగు నేలకు వచ్చిన మొదటి తరం మిషనరీల్లో చాలామందికి అమెరికా కూడా వలస వచ్చిన చోటే. డాక్టర్ కాతరీనా షెలెన్‌బర్గ్ రష్యాలో పుట్టి, చిన్నప్పుడే కాన్సాస్ చేరి, వైద్యం చదివి 1907లో హైదరాబాద్ రాజ్యానికి వచ్చారు. 1945లో శంషాబాద్‌లోనే కన్నుమూశారు. ఆమెకు ఏది స్వస్థలం అనే ప్రశ్నకు ఒక్క ఊరిపేరుతో జవాబు చెప్పలేం.

రష్యా నుంచి నేరుగా వచ్చినవాళ్లూ ఉన్నారు. అబ్రహాం ఫ్రీసెన్, మరియా దంపతులు 1889లో వచ్చి అమెరికన్ బాప్టిస్టులతో కలిసి నల్లగొండలో పని మొదలుపెట్టారు. అమెరికా శాఖ తరఫున 1899లో ఎన్. ఎన్. హీబర్ట్ దంపతులు, ఎలిజబెత్ నూఫెల్డ్ హైదరాబాద్‌కు చేరారు. హీబర్ట్‌కు ఇక్కడి వాతావరణం పడలేదు, ఆరోగ్యం దెబ్బతిని 1901లో వెనుదిరిగారు. ఆ తర్వాత వచ్చిన జె. హెచ్. పాంక్రాట్జ్, డి. ఎఫ్. బెర్గ్‌తోల్డ్ వంటివారి కాలంలో పని దక్షిణానికి విస్తరించింది. నాగర్‌కర్నూలు కేంద్రం బెర్గ్‌తోల్డ్ చేతుల మీదుగా పెరిగింది. దేవరకొండ, వనపర్తి దాని తర్వాతివి. గద్వాల సంగతి వేరు. అదీ మహబూబ్‌నగరూ అమెరికన్ బాప్టిస్టుల కేంద్రాలు. మహబూబ్‌నగర్‌లో ఎల్బర్ట్ చూట్ 1885లోనే పని ప్రారంభించారు. 1937లో బాప్టిస్టులు ఆ రెండింటినీ మెనోనైట్ బ్రెదరెన్ మిషన్‌కు అప్పగించడంతో, కృష్ణకు ఇవతలి వనపర్తి, నాగర్‌కర్నూలు, అవతల నడిగడ్డలోని గద్వాల ఒకే మిషన్ కిందికి వచ్చాయి.

ఏడేళ్లకోసారి వచ్చే సెలవు పెద్దదైతే, దానికి ముందు ఏటేటా వచ్చే చిన్న వేసవి సెలవు ఒకటుంది. పాలమూరులో మిషనరీ పని కాలాన్ని బట్టి నడిచేది. వానలు వెనుకబట్టాక, నవంబరు నుంచి మాఘ ఫాల్గుణాల దాకా ఎడ్లబండ్ల మీద డేరాలు వేసుకుని ఊరూరా తిరిగేవారు. మార్చి దాటితే డేరాలో పగలు నిలవడం అసాధ్యం. రాతి గుట్టల నేల కావడంతో పొద్దుగూకినా వేడి దిగదు. బావులు అడుగంటుతాయి, ఊళ్లో జనం కూడా పనులకు పొరుగు ప్రాంతాలకు పోతారు. అప్పుడు మిషనరీ కుటుంబాలు కొండల దారి పట్టేవి. కొందరు నీలగిరుల్లోని కూనూరు, ఊటీలకు, కొందరు పళని కొండల మీది కొడైకెనాల్‌కు వెళ్లేవారు.

ఆ ప్రయాణమే ఒక పని. నాగర్‌కర్నూలుకు నేటికీ రైలు లేదు, జడ్చర్ల దాకా రోడ్డు మీద రావాల్సిందే. వనపర్తి రోడ్ అనే స్టేషన్ ఉన్నది వనపర్తిలో కాదు, దూరాన మదనాపురం దగ్గర. పేరు నమ్మి దిగినవాళ్లు ఇప్పటికీ ఆటో వెతుక్కోవాలి. ఈ మూడు ఊళ్లలో గద్వాలవాళ్లే కాస్త అదృష్టవంతులు, రైలు ఊళ్లోకే వచ్చింది. సికింద్రాబాద్ చేరి, మద్రాసు మీదుగా కొడై రోడ్ స్టేషన్‌లో దిగితే, మోటారు ఘాట్ రోడ్డు పడకముందు అక్కడి నుంచి కొండ ఎక్కాల్సింది డోలీల్లోనో గుర్రాల మీదనో. సముద్రమట్టానికి రెండు వేల మీటర్ల ఎత్తున, మే నెలలో ఉన్ని స్వెటర్ వేసుకోవాల్సిన చోటది.

కొడైకెనాల్‌కు వెళ్లడానికి చల్లదనం ఒక్కటే కారణం కాదు. 1901లో మార్గరెట్ ఎడ్డీ అనే అమెరికన్ మహిళ చొరవతో అక్కడ మిషనరీల పిల్లల కోసం హైక్లర్క్ అనే పేరుతో బడి వెలిసింది. 1974 నుంచి దాన్నే కొడైకెనాల్ ఇంటర్నేషనల్ స్కూల్ అంటున్నారు. ఆరేడేళ్లు నిండగానే పిల్లల్ని అక్కడి హాస్టల్లో దింపి రావడం మామూలైపోయింది. ఆ బడి సెలవుల లెక్క మన బళ్ల లెక్కకు తలకిందులుగా ఉండేది. పెద్ద సెలవులు అక్టోబరు నడుమ మొదలై జనవరి దాకా సాగేవి, ఎందుకంటే పిల్లలు మైదానంలోని ఇళ్లకు వెళ్లడానికి అనువైన చలికాలం అదే. ఎండాకాలంలో పిల్లలు ఇంటికి రావడం లేదు గనుక అమ్మానాన్నలే పిల్లల దగ్గరకు కొండెక్కేవారు. ఆ నెలా నెలన్నర పిల్లలు హాస్టల్ వదిలి అద్దె బంగళాలో తల్లిదండ్రులతో ఉండి, అక్కడి నుంచే బడికి వెళ్లేవారు.

తమిళ, మలయాళ, కన్నడ, మరాఠీ ప్రాంతాల్లో పనిచేసే కుటుంబాలూ అదే సమయానికి అక్కడికి చేరేవి. చెరువులో పడవలు, టెన్నిస్ పందేలు, నాటకాలు, బైబిలు సభలు, వీటి మధ్యే మిషన్ రాజకీయాలు, పెళ్లి సంబంధాలు కూడా. రక్త సంబంధం లేకపోయినా పిల్లలు ప్రతి పెద్దవారినీ అంకుల్, ఆంటీ అని పిలిచేవారు. సొంత మేనత్త కాన్సాస్‌లో ఎలా ఉంటుందో తెలియని పిల్లవాడికి చేతికందే బంధువర్గం ఇదే. తర్వాతి కాలంలో ఈ పిల్లలు పెద్దవాళ్లై ఏ దేశంలో స్థిరపడినా ఒకరి పెళ్లికి ఒకరు వెళ్లేంత దగ్గరగా ఉండటానికి కారణం ఆ ఎండాకాలాలే.

ఏడేళ్లు నిండుతున్నాయంటే బంగళాలో హడావుడి ఆరు నెలల ముందే మొదలయ్యేది. ముందు లెక్కలు సరిచూడాలి. బడి పంతుళ్ల జీతాలు, బోర్డింగ్ పిల్లల జొన్నలు బియ్యం, ఆసుపత్రి మందులు, బావి తవ్వకం కూలి, ఇలా ప్రతి పద్దూ తేల్చి మరో మిషనరీకి అప్పగించాలి. ఆ మరో మిషనరీ చాలాసార్లు పక్క కేంద్రంలో అప్పటికే ఊపిరి సలపకుండా ఉన్నవాడే. వనపర్తి దొర సెలవులో ఉంటే నాగర్‌కర్నూలు దొర రెండింటినీ చూసుకోవాలి. తర్వాత సామాను. ఏడాది పాటు మూసి ఉండే ఇంట్లో మనిషికంటే ముందు చెదలు కాపురం పెడతాయి. అందుకని పుస్తకాలూ బట్టలూ ఇనుప ట్రంకుపెట్టెల్లో సర్ది, వేపాకో కర్పూరపు ఉండలో వేసి, గోడకు తగలకుండా ఇటుకల మీద ఎత్తి పెట్టేవారు. బీరువా కాళ్ల కింద నీళ్ల గిన్నెలు ఉంచడం ఆ రోజుల్లో అందరికీ తెలిసిన ఉపాయం. వంటమనిషికీ ఆయాకూ ఏడాదిపాటు ఎవరు జీతమిస్తారన్నది కాగితాల మీద కనిపించని ప్రశ్న. కొందరిని పక్క బంగళాకు పంపేవారు, కొందరు ఇంటికి పోయేవారు.

సాగనంపడం పెద్ద కార్యక్రమం. పాస్టర్లు, ఇంటింటికీ తిరిగి బైబిలు చెప్పే బైబిల్ స్త్రీలు, బోర్డింగ్ పిల్లలు, చుట్టుపక్కల ఊళ్ల సంఘస్థులు కాంపౌండ్‌కు చేరేవారు. బంతిపూల దండలు మెడలో గడ్డం దాకా పేరుకునేవి. గుంపు ఫొటో లేకుండా ఎవరూ కదిలేవారు కాదు. అలాంటి ఫొటోల్లో మధ్య కుర్చీలో దండలతో దొర, పక్కన దొరసాని, నేల మీద కాళ్లు ముడుచుకుని పిల్లలు, వెనుక వరుసలో తలపాగాలు కనిపిస్తాయి. కానుకగా ఇవ్వదగ్గది గద్వాల చీర. ఒంటికి నూలు, కొంగుకూ అంచుకూ పట్టు వేసి నేసే ఆ చీర అటు అమెరికాలో కట్టుకునే వస్తువు కాదు, సభలో చూపించే వస్తువు. దాని పని తర్వాత వస్తుంది.

బొంబాయిలో ఓడ ఎక్కితే సూయజ్ కాలువ, మధ్యధరా సముద్రం, ఇంగ్లండు, అట్లాంటిక్ దాటి న్యూయార్క్ చేరి, అక్కడి నుంచి రైల్లో కాన్సాస్. మొత్తం నెల దాటేది. మన ఎండలు ముదరకముందే బయలుదేరేలా చూసుకునేవారు. అలా వెళితే అక్కడ వేసవి మొదలయ్యే వేళకు చేరతారు. కాన్సాస్‌లో జూన్ అంటే గోధుమ కోతలు. 1870లలో రష్యా నుంచి వచ్చిన మెనోనైట్లు వెంట తెచ్చిన టర్కీ రెడ్ అనే గోధుమ రకంతో ఆ రాష్ట్రం సేద్యమే మారిపోయింది. కోతల నెలలో చుట్టాలెవరికీ తీరిక ఉండదు. ఏడేళ్ల తర్వాత వచ్చిన కొడుకు కూడా మర్నాటికల్లా పొలంలో దిగేవాడు. పాలమూరులో జనం దొర అని పిలిచే మనిషి తన అన్న కళ్లంలో బస్తాలు మోయడం ఇక్కడివాళ్లు చూసి ఉంటే ఏమనుకునేవారో.

ఆదివారం మధ్యాహ్నం మాత్రం అందరికీ సెలవు. రష్యా నుంచి వచ్చిన మెనోనైట్ ఇళ్లలో ఆ పూట ఫాస్పా అనే తేలికపాటి భోజనం ఉంటుంది. ఒకదాని మీద ఒకటి నిలబెట్టి కాల్చిన రెండంతస్తుల బన్నులు, వాటిని స్వీబాక్ అంటారు, జామ్, చల్లని మాంసం ముక్కలు, కాఫీ. శనివారమే అన్నీ చేసి పెట్టుకుంటారు కనుక ఆదివారం పొయ్యి వెలిగించే పనిలేదు. ఎంతమంది చుట్టాలు చెప్పకుండా వచ్చినా సరిపోతుంది. ఫర్లోలో వచ్చిన కుటుంబం చుట్టూ ఇలాంటి బల్లల దగ్గరే బంధువులు చేరేవారు. మాటలు ప్లాట్‌డీచ్ అనే పల్లె జర్మన్‌లో సాగేవి. చర్చిలో జర్మన్, బడిలో ఇంగ్లీషు. నాగర్‌కర్నూలులో ఆయా ఒళ్లో తెలుగు నేర్చి, కొడైలో ఇంగ్లీషు చదివిన పిల్లలకు తాత నానమ్మల మాట సగం అర్థమయ్యేది కాదు. పెద్దలు నవ్వే చోట పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు. రహస్యాలు చెప్పుకోవాలంటే వాళ్లకు తెలుగు ఉండనే ఉంది, ఆ బల్ల దగ్గర దాన్ని పట్టుకోగలిగింది అమ్మానాన్నలే.

తల్లికి ఇది పుట్టింటికి వచ్చినట్టే, కాని పుట్టింట్లో కాలు నిలిచేది కాదు. మొదటి నెల డాక్టర్ల దగ్గర గడిచేది. మలేరియా, జిగట విరేచనాలు, పాడైపోయిన పళ్లు, వీటన్నిటికీ ఏడేళ్లుగా వాయిదా వేసిన వైద్యం. ఆ తర్వాత చర్చిల పర్యటన మొదలు. కాన్సాస్‌లో హిల్స్‌బరో, మిన్నెసోటాలో మౌంటెన్ లేక్, కాలిఫోర్నియాలో రీడ్లీ, కెనడాలో సస్కాచవాన్, మనిటోబా ఊళ్లు, ఎక్కడ సంఘం ఉంటే అక్కడికి. ఉదయం ఒక చర్చి, సాయంత్రం మరో చర్చి, రాత్రికి తెలియని వాళ్లింట్లో బస. సభలో గాజు స్లైడ్లను లాంతరుతో గోడ మీద వేసి చూపేవారు, తర్వాత కాలంలో రంగుల ఫిల్ములు వచ్చాయి. పిల్లలకు పంచె, లంగా ఓణీ తొడిగి తెలుగు కీర్తన పాడించేవారు. గద్వాల చీర పనికొచ్చేది ఇక్కడే. తల్లి దాన్ని కట్టుకుని వేదిక ఎక్కేది, లేదా ఊళ్లో ఒక అమ్మాయికి కట్టి చూపేది. పదో చర్చిలో అదే పాట పాడేసరికి పిల్లలకు విసుగు పుట్టడం సహజం. తమ ఇంటినీ ఆటస్థలాన్నీ వింతవస్తువులుగా ప్రదర్శిస్తున్నారని కొందరికి అనిపించిందంటే తప్పుపట్టలేం.

ఈ సభలకు వచ్చిన రైతులకు పాలమూరు అప్పటికే పరిచయం. 1884లో మొదలైన జియోన్స్‌బోటె అనే జర్మన్ పత్రిక మిషనరీల ఉత్తరాలు అచ్చువేసేది. ఆడవాళ్ల కుట్టు సంఘాలు ఆసుపత్రులకు కట్లు, బొంతలు, పసిపిల్లల చొక్కాలు కుట్టి పెట్టెలకెత్తేవి. కాని ఉత్తరం చదివి ఇచ్చే చందా వేరు, మనిషి ఎదురుగా నిలబడి అడిగితే వచ్చే చందా వేరు. సంఘం పెద్దలకు ఈ తేడా బాగా తెలుసు. అందుకే పర్యటన తప్పనిసరి. ఫర్లోను విశ్రాంతి అని రాసుకున్నా, ఆచరణలో అది చందాల వసూలు ఉద్యోగం. ఆ మాట పైకి అనడానికి రెండు వైపులా ఎవరికీ ఇష్టం ఉండేది కాదు.

తెలుగు నేల మీద మిషన్ల చరిత్రలో ఒక్కో ఫర్లో ఎంత పని చేసిందో చూడాలంటే కొంచెం వెనక్కి, నెల్లూరుకు వెళ్లాలి. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్‌ను ఎత్తివేయాలన్న చర్చ అమెరికాలో ఒకటికి రెండుసార్లు జరిగింది. ఆరోగ్యం చెడి 1862 ప్రాంతంలో ఇంటికి వెళ్లిన లైమన్ జ్యువెట్, సంఘం సాయం చేయకపోతే ఒంటరిగానైనా తిరిగి వెళతానని పట్టుబట్టారు. 1865లో తిరిగి వచ్చినప్పుడు ఆయన వెంట జాన్ క్లౌ ఉన్నారు. ఒంగోలులో పని మొదలుపెట్టిన క్లౌ 1872లో తానూ ఫర్లోకి వెళ్లి, మనుషుల్నీ రామపట్నం సెమినరీకి నిధినీ కూడగట్టుకుని వచ్చారు. ఆ వెనువెంటనే 1876-78 కరువు, బకింగ్‌హాం కాలువ పనులు, 1878 జులైలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం, ఇదంతా చరిత్రకెక్కింది. జ్యువెట్ పట్టుబట్టకుండా ఇంట్లోనే కూర్చుని ఉంటే ఒంగోలు కథే ఉండేది కాదు. నల్లగొండ ఫ్రీసెన్ విషయంలోనూ అంతే. 1890ల చివర్లో ఆయన సెలవులో వెళ్లి చెప్పిన కబుర్ల వల్లే రష్యా నుంచి మరికొన్ని కుటుంబాలు కదిలాయి. 1901లో ఓడిపోయినట్టు వెనుదిరిగిన హీబర్ట్ కూడా ఊరికే కూర్చోలేదు. చాలా ఏళ్లు అమెరికా మిషన్ కమిటీ కార్యదర్శిగా ఉండి, తాను ఉండలేకపోయిన చోటుకు ఇతరుల్ని పంపారు. ఆయన కుమారుడు జె. ఎన్. సి. హీబర్ట్ కూడా మిషనరీగా ఇక్కడికి వచ్చారు.

ఫర్లోలో అన్నిటికన్నా కష్టమైన భాగం దాని చివర ఉంటుంది. హైస్కూలు, కాలేజీ వయసుకు వచ్చిన పిల్లల్ని అక్కడే వదిలిపెట్టి తల్లిదండ్రులు తిరుగు ఓడ ఎక్కేవారు. పెదనాన్న ఇంట్లోనో, చర్చి స్నేహితుల దగ్గరో, హిల్స్‌బరోలో 1908లో స్థాపించిన టాబర్ కాలేజీ హాస్టల్లోనో పిల్లలు ఉండేవారు. మళ్లీ కలిసేది ఏడేళ్లకు. ఓడ టపాలో ఉత్తరం చేరడానికి నెల, జవాబుకు మరో నెల. పదిహేనేళ్ల పిల్లను వదిలి వెళ్లిన తల్లి తిరిగి వచ్చేసరికి ఆ పిల్లకు పెళ్లై చంటిబిడ్డ ఉండటం అరుదేమీ కాదు. మిషన్ చరిత్రలు ఈ సంగతిని ఒక్క వాక్యంలో త్యాగం అని రాసి ముందుకు పోతాయి. ఆ నిర్ణయంలో పిల్లల్ని ఎవరూ అడగలేదన్నది వాటిలో కనిపించదు.

అయినా ఆ పిల్లల్లో చాలామంది ఇక్కడికే తిరిగి వచ్చారు. బెర్గ్‌తోల్డ్ కూతురు వయోలా, జాన్ వీబ్‌ను పెళ్లాడి 1927లో మిషనరీగా వచ్చి దశాబ్దాలపాటు ఇక్కడే పనిచేశారు. ఆమె జ్ఞాపకాలు ‘సెపియా ప్రింట్స్’ పేరుతో 1990లో వెలువడ్డాయి. వాళ్ల కొడుకు పాల్ వీబ్ సమాజ శాస్త్రవేత్తగా పాలమూరు మెనోనైట్ల మీద 1988లో పుస్తకం ప్రచురించారు, కొడైకెనాల్ బడికి ప్రిన్సిపల్‌గానూ ఉన్నారు. హీబర్ట్ మనవడు పాల్ హీబర్ట్ 1932లో శంషాబాద్‌లో పుట్టి, కొడైలో చదివి, 1960లలో మిషనరీగా తిరిగి వచ్చారు. మహబూబ్‌నగర్ జిల్లా గ్రామజీవనం మీద ఆయన చేసిన అధ్యయనం ‘కొండూరు’ 1971లో పుస్తకమైంది. మానవ శాస్త్రంలో ఆయన పేరు చాలామందికి తెలుసు. రెండు కుటుంబాల నుంచి ఇద్దరు పాల్‌లు సమాజాన్ని చదివే శాస్త్రాన్నే ఎంచుకోవడం కాకతాళీయం కాకపోవచ్చు. చిన్నప్పటి నుంచి ఏ ఊళ్లో ఉన్నా ఆ ఊరి పద్ధతి ఏమిటా అని గమనిస్తూ మసలుకోవడం వాళ్లకు అవసరమైంది. 1950లలో భారతదేశంలోని అమెరికన్ కుటుంబాలను పరిశీలించిన రూత్ యూసీం అనే సమాజ శాస్త్రవేత్త, తల్లిదండ్రుల దేశానికీ పెరిగిన దేశానికీ పూర్తిగా చెందని ఇలాంటివారిని థర్డ్ కల్చర్ కిడ్స్ అన్నారు. ఆ పేరు తర్వాత ప్రపంచమంతా వాడుకలోకి వచ్చింది. గల్ఫ్‌లో, అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లల గురించీ ఇప్పుడు అదే మాట వాడుతున్నారు.

దొర లేని ఏడాది ఇక్కడి సంఘాలకు ఏమైందో పత్రికల్లో తక్కువ కనిపిస్తుంది. జీతం చీటీ, బడి తనిఖీ, గొడవల పంచాయితీ అన్నీ తెలుగు పాస్టర్లు, పెద్దల మీద పడేవి. పక్క కేంద్రం దొర నెలకోసారి వచ్చి సంతకాలు పెట్టి వెళ్లేవాడు. పగ్గాలు అప్పగించడానికి మిషన్‌కు మనసొప్పని రోజుల్లో, సెలవుల పుణ్యమా అని కొంత స్వతంత్రం ముందే చేతికి వచ్చింది. సెలవు ముగిసి దొర తిరిగొచ్చాక లెక్కల పుస్తకం మళ్లీ బంగళాకు చేరేది. ఆ వెనక్కి ఇవ్వడంలో చిన్నచిన్న నొప్పులు ఉండకపోవు.

రెండో ప్రపంచ యుద్ధం ఈ పద్ధతిని చిందరవందర చేసింది. 1941 ఏప్రిల్‌లో ఆఫ్రికా వెళుతున్న అమెరికన్ మిషనరీ కుటుంబాలతో నిండిన జంజం అనే ఈజిప్టు ఓడను జర్మన్ యుద్ధనౌక దక్షిణ అట్లాంటిక్‌లో ముంచింది. ప్రయాణికులను ఆ జర్మన్లే ఎక్కించుకోవడంతో ప్రాణాలు దక్కాయి. ఆ తర్వాత చిన్నపిల్లలతో సముద్రం దాటాలంటే ఎవరికైనా గుండె జారేది. సెలవు రావలసినవాళ్లు ఇక్కడ, తిరిగి రావలసినవాళ్లు అక్కడ ఆగిపోయారు. యుద్ధం ముగిశాక ఓడలు నడిచినా, 1967లో సూయజ్ కాలువ మూతపడి ఎనిమిదేళ్లు తెరుచుకోలేదు. అప్పటికి విమానాలు వచ్చేశాయి. నెల దాటే ప్రయాణం రెండు రోజులకు తగ్గేసరికి ఏడేళ్లకో ఏడాది అన్న లెక్క అనవసరమైంది. పని గడువులు కుదించి, ఒక్క వేసవిలో రెండు మూడు నెలలు ఇంటికి వెళ్లివచ్చే వీలు కల్పించారు. పిల్లల చదువుకు అడ్డు లేదు, కేంద్రం పక్కవారి నెత్తిన పడదు. కాని అంతకుముందు ఏడాది మీద పరిచిన చర్చిల పర్యటనను పది వారాల్లో ఇరికించాల్సి వచ్చింది. చుట్టాల ఇళ్లలో ఒక్కో రాత్రి బస మిగిలింది.

తర్వాత విదేశీ మిషనరీలకు వీసాలు తగ్గిపోయాయి. 1970ల నుంచి ఒక్కో కుటుంబమే వెళ్లిపోగా, బళ్లు, 1950లలో మొదలైన జడ్చర్ల వైద్యశాల, శంషాబాద్ బైబిలు కళాశాల, చర్చి ఆస్తులు భారతీయ మెనోనైట్ బ్రెదరెన్ సంఘం చేతికి వచ్చాయి. ఇప్పుడు చలికాలంలో పాలమూరుకు వచ్చే తెల్లవాళ్లలో కొందరు మిషనరీల పిల్లలు, మనవలు. తాము పుట్టిన బంగళాను చూడటానికి, తోటలో సమాధి ఉంటే దాని దగ్గర నిలబడటానికి వస్తారు.

ఇంటికి వేసవిలో వచ్చే మిషనరీ కుటుంబం మాత్రం ఇంకా ఉంది. ఇప్పుడది తెలుగు కుటుంబం. దీనికీ పాత మూలం ఉంది. నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టులు 1903లో జాన్ రంగయ్యను కుటుంబంతో సహా దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు పంపారు. చెరకు తోటల్లో ఒప్పంద కూలీలుగా ఉన్న తెలుగువారి మధ్య పనిచేస్తూ ఆయన 1915లో అక్కడే మరణించారు. నేడు తెలుగు సువార్తికులు ఒడిశా, ఛత్తీస్‌గఢ్, ఉత్తరాది రాష్ట్రాల్లో పనిచేస్తున్నారు. పంపేవి భారతీయ సంస్థలే, తమిళనాడులో 1959లో మొదలైన ఫ్రెండ్స్ మిషనరీ ప్రేయర్ బ్యాండ్, 1965లో ఏర్పడిన ఇండియన్ ఇవాంజెలికల్ మిషన్ వంటివి. పిల్లల చదువు సమస్య ఏమీ మారలేదు. తమిళనాడులోని దోనావూరులో ఉన్న సంతోష విద్యాలయం వంటి హాస్టల్ బళ్లు ఇలాంటి పిల్లల కోసమే నడుస్తున్నాయి. అయితే ఇవి మామూలు భారతీయ బళ్లు కనుక ఏప్రిల్, మే నెలల్లోనే సెలవులిస్తాయి. హాస్టల్ నుంచి పిల్లలు, పని ఊరి నుంచి తల్లిదండ్రులు, ఇద్దరూ సొంతూరికే చేరతారు. కొండల చల్లదనం కాదు, పాలమూరు ఎండలోనే.

ఆ నెలన్నరలో పని తక్కువేమీ కాదు. ఎండాకాలం మనకు పెళ్లిళ్ల కాలం, బంధువుల పెళ్లి ఒకటైనా ఉంటుంది. కొల్లాపూర్ మామిడి వచ్చే వేళ. మే నెలలో చర్చిలో పిల్లలకు వీబీఎస్ అనే సెలవుల బైబిలు తరగతులు జరుగుతాయి, మిషనరీ పిల్లలు అక్కడి బంధువుల పిల్లలతో కలిసి కూర్చుని, తమకు అలవాటైన హిందీ, తమిళం నడుమ తెలుగు అక్షరాలు దిద్దుకుంటారు. ఆదివారం తండ్రి తన పని గురించి చెప్పాలి, సాక్ష్యం తర్వాత సంఘం కానుక ఎత్తుతుంది. ఒక కుటుంబం నెలకు ఇంతని మాట ఇస్తుంది, మరో కుటుంబం బియ్యం బస్తా ఇస్తుంది. ఇప్పుడు స్లైడ్ల లాంతరు అక్కర్లేదు, ఫోన్‌లో ఫొటోలు చూపితే చాలు. జూన్ మొదటి వారంలో బళ్లు తెరుస్తారు కాబట్టి తిరుగు రైలు టికెట్లు రెండు నెలల ముందే తీసుకోవాలి, లేకపోతే తత్కాల్‌కు పరుగెత్తాల్సిందే. పిల్లలు దక్షిణానికి, తల్లిదండ్రులు ఉత్తరానికి. గద్వాల వాళ్లకు రెండు దిక్కుల రైళ్లూ ఊళ్లోనే దొరుకుతాయి, వనపర్తివాళ్లు మదనాపురం దాకా వెళ్లాలి. నాగర్‌కర్నూలువాళ్లు ఇప్పటికీ ముందు జడ్చర్ల బస్సే ఎక్కాలి.